“మీరు” అంటే ఎందరు?

“దేవుడికీ నాకూ మధ్య ఈ పదిమందీ ఎందుకండీ? ఇంట్లో తలుపేసుకుని బైబిలు చదువుకుంటే చాలదూ?” అని అడిగేవాళ్లున్నారు. తీసిపారేయదగిన ప్రశ్న కాదది. మందిరంలో ఎవరి చీర ఖరీదెంతో లెక్కగట్టే కళ్లుంటాయి, ఎవరింటి గుట్టో మోసుకెళ్లే నోళ్లూ ఉంటాయి. వాటికి జడిసి ఇంట్లోనే ఉండిపోయిన ఇల్లాలిని ఏమనగలం?

ఆవిడ చదువుకునే గ్రంథాన్నే అడిగి చూద్దాం. యోహాను సువార్త 15వ అధ్యాయంలో క్రీస్తు తనను ద్రాక్షావల్లితోనూ, శిష్యుల్ని తీగెలతోనూ పోల్చాడు. మన తెలుగులో “మీరు” అనే మాటతో ఒక చిక్కుంది. గౌరవించదగిన మనిషి ఒక్కరైనా మీరే, పదిమందైనా మీరే! ఒంటరిగా చదివేటప్పుడు ఆ “మీరు” మనకొక్కరికే దక్కిన మర్యాద అనిపిస్తుంది. కాని అది ఆ రాత్రి తనతో ఉన్నవాళ్లందరినీ కలిపి అన్న మాట. పౌలు కూడా కొలొస్సయి సంఘానికి రాసిన లేఖను లవొదికయ సంఘంలోనూ చదివించమన్నాడు.

జగిత్యాల, కోరుట్ల వైపు ఎన్నో ఇళ్లలో మగవాళ్లు గల్ఫులో ఉంటారు. ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ సంసారం ఈదుతుంటారు. అలాంటి ఇంటి క్రైస్తవ ఇల్లాలికి ఈ రోజుల్లో ఫోనులో ప్రసంగాలు కావలసినన్ని. చేతులు ఆకు చుడుతుంటే చెవులు వాక్యం వింటాయి. మంచిదే. కాని ఈ నెల డబ్బు రాలేదనీ, పిల్లకి జ్వరమనీ ఆ ప్రసంగికుడికెలా తెలుస్తుంది? ఆదివారం పక్కన కూర్చునే ఆవిడకైతే ముఖం చూడగానే తెలుస్తుంది.

తెలియాలి కూడా. సిరిసిల్లలో 2000 తర్వాతి ఏళ్లలో అప్పుల బాధ తాళలేక ఎందరో నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. మగ్గం మీద పోగు తెగితే ఆపి ముడివేస్తారు. పక్కింటి మనిషి తెగిపోతుంటే ఎందుకు కనిపెట్టలేకపోయాం? ఏ మతంవారైనా వేసుకోవలసిన ప్రశ్నే ఇది.

వాక్యం లేకుండా పదిమంది చేరితే అది కబుర్ల పేరంటం. పదిమంది లేకుండా వాక్యం చదివితే, నచ్చిన చోటే మళ్లీ మళ్లీ చదువుకుంటాం. క్షమించమన్న చోట పుట తిప్పేస్తాం. అడిగేవారెవరు?

అయితే చీరల వెల కట్టే ఆ కళ్ల మధ్యకే వెళ్లమంటారా? వెళ్లమనే అంటాను. క్షమించడం నేర్చుకోవాలంటే ఎదురుగా ఎవరో ఒకరుండాలి గదా! కాకపోతే, రాలేకపోయిన మనిషి ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లి తలుపు తట్టే బాధ్యత మాత్రం మందిరంలో కూర్చున్నవాళ్లది.