ఓటమిని పంచువాడు

మల్లయుద్ధములో ఒకడు ఓడక తప్పదు. ఇద్దరు బరిలో దిగినప్పుడు ఎవడు ఓడవలెనో వారి బలము, నేర్పు, ఊపిరి నిర్ణయించును. ఆ నిర్ణయమునకు మూడవవాడెవడును బాధ్యుడు కాడు. 1928లో పాటియాలాలో గామా, పోలెండు మల్లుడైన జిబిస్కోను ఒక నిమిషమైనను గడవకముందే పడవేసెను. జిబిస్కో ఎవరిపైననైన ఫిర్యాదు చేయదలచినచో తన భుజములపైననే చేయవలసి యుండెను. అట్లుగాక, ఓడవలసినవాడెవడో ముందుగానే మరియొకడు కూర్చుండి నిర్ణయించు పోటీ యొకటి కలదు. అందులో ఓటమి సంభవించునది కాదు, ఇయ్యబడునది. ఇచ్చువాడు ఏ న్యాయమును పాటింపవలెను?

ప్రశ్న పాతది. దానికి దొరకిన చోటు మాత్రము క్రొత్తది. అమెరికాలో సాన్ ఫ్రాన్సిస్కో నగరమునందలి లిండెన్ ల్యాబ్ అను సంస్థ 2003 జూన్ నెలలో ‘సెకండ్ లైఫ్’ అను పేర ఒక కల్పిత లోకమును కంప్యూటరు తెరపై తెరచినది. పేరునకు రెండవ జీవితమని అర్థము. ఆ లోకములో తప్పక ఆడవలసిన ఆట యేదియు లేదు, చేరవలసిన గమ్యమును లేదు. నేల మాత్రము కలదు. ఒక్కొక్క ప్రాంతము పొడవున 256 మీటర్లు, వెడల్పున 256 మీటర్లు అని లెక్క. ఆ నేలకు నెలనెల శిస్తు చెల్లించినవారు దానిపై తమకు తోచినది కట్టుకొనవచ్చును. ఇండ్లు, అంగళ్లు, నృత్యశాలలు, ప్రార్థనామందిరములు చాలవరకు నివాసులు కట్టినవే. వారిలో కొందరు కుస్తీ బరి కట్టిరి. నాలుగు స్తంభములు, వానికి త్రాళ్లు, చుట్టును ఆసనములు, మల్లుడు నడచివచ్చుటకు దీపములు పరచిన దారి. అమెరికా టెలివిజనులో కనబడు ప్రదర్శన కుస్తీకి ప్రతిబింబములుగా అక్కడ మల్లయుద్ధ సమాఖ్యలు వెలసినవి. వారికి ఛాంపియనులు కలరు, బెల్టులు కలవు, వారము వారము ప్రదర్శనలు కలవు.

అక్కడ మనుష్యుడు ధరించు బొమ్మకు అవతారమని పేరు. సంస్కృతపు మాట అమెరికా చుట్టివచ్చి ఈ అర్థమున స్థిరపడినది. దిగివచ్చుట అను మూలార్థమును తలచినచో కొంత నవ్వు రాకపోదు. ఇక్కడ మనుష్యుడు దిగుట లేదు. తన బరువును, వయస్సును, నడుమునొప్పిని క్రింద విడిచి పైకి పోవుచున్నాడు. యాబది యేండ్ల గుమాస్తా ఏడడుగుల వస్తాదు కావచ్చును. విరాటుని కొలువులో భీముడు వంటవాని వేషమున నుండి జీమూతుడను మల్లునితో పోరినప్పుడు వేషము పరాయిది, బలము తనది. ఎవరైన గుర్తింతురేమో యని శంకించుచునే ఆయన బరిలో దిగెను. ఈ తెర లోకములో అది తలక్రిందు. వేషము సంపూర్ణముగా తనది, నెలల తరబడి తీర్చిదిద్దుకొన్నది. బలము ఎవ్వరిదియు కాదు.

పట్టులన్నియు ముందుగా తయారుచేసిన కదలికలు. ఎత్తి పడవేయు కదలిక ఒకనికి, పడు కదలిక మరియొకనికి. రెండును ఒక్క క్షణమున మొదలు కావలెను. ఇందులో గమనింపదగిన నియమమొకటి కలదు. ఒక ప్రోగ్రాము మరియొకని అవతారమును ఆ విధముగా ఆడింపవలెనన్న ముందు వాని యనుమతి పొందవలెను. తెరమీద ఒక చిన్న పెట్టె కనబడి, ఫలానా వస్తువు నీ అవతారమును కదిలింపగోరుచున్నది, సమ్మతమా యని యడుగును. కొన్నిచోట్ల ఒక వస్తువుపై కూర్చుండుటయే సమ్మతిగా ఎంచబడును. దెబ్బ తినుటకు ముందు దెబ్బ తినువాని సంతకము! ఇంతటి మర్యాద భూలోకపు మల్లశాలలలో ఎన్నడును ఉండినది కాదు.

ముందే నిర్ణయమైన పోటీ అబద్ధము కదా యను ఆక్షేపణను ఎక్కువసేపు పట్టించుకొననక్కరలేదు. రంగస్థలముపై ఆయుధములను ఎట్లు ప్రయోగింపవలెనో చెప్పుచు భరతుని నాట్యశాస్త్రము నిజముగా కొట్టరాదని, రక్తము చిందింపరాదని విధించినది. తోలుబొమ్మలాటలో యుద్ధపు చప్పుడు ఆడించువాని కాలిక్రింది చెక్కపలకనుండి వచ్చును. చూచినవాడెవడును మోసపోయితినని వాపోవడు. ఫ్రెంచి రచయిత రోలా బార్త్ 1957లో వెలువడిన తన వ్యాససంపుటిలో ప్రదర్శన కుస్తీని క్రీడగా గాక దృశ్యముగా చూడవలెనని వాదించెను. 1989లో, ఆనాటి వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ వారే న్యూజెర్సీ రాష్ట్ర శాసనకర్తల యెదుట తమది వినోదమేగాని పోటీ కాదని ఒప్పుకొనిరి. సత్యముపై ప్రేమచేత కాదు, క్రీడలపై నుండు పర్యవేక్షణను తప్పించుకొనుటకు. అయినను ఒప్పుకోలు ఒప్పుకోలే.

కాని పోటీ కల్పితమైనంత మాత్రమున అందులో ద్రోహమునకు తావు లేదనుకొనుట పొరపాటు. 1997 నవంబరు 9వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరములో జరిగినది దీనికి సాక్ష్యము. ఛాంపియనైన బ్రెట్ హార్ట్ ఆ సంస్థను విడిచి దాని ప్రత్యర్థి సంస్థలో చేరనుండెను. తన దేశములో, తనవారి యెదుట, షాన్ మైకేల్స్ చేతిలో ఓడుట ఆయనకు ఇష్టము లేదు. అందుచేత వేరొక ముగింపునకు ఒడంబడిక జరిగెను. బరిలో మైకేల్స్ ఆయన కాళ్లను పట్టులో బిగించిన సమయమున, ఆయన లొంగకుండగనే, యజమాని విన్స్ మక్‌మాన్ గంట మ్రోగింపుమని ఆజ్ఞాపించెను. హార్ట్ లేచి యజమాని ముఖముపై ఉమ్మివేసెను. వేలమంది చూచుచుండిరి, జరిగినది కథలోనిదో కథ వెలుపలిదో అనేకులకు తెలియలేదు. అన్ని ఫలితములును ముందుగా వ్రాయబడు బరిలో ఒక ఫలితము మాత్రము అన్యాయమెట్లయినది? ఆ రాత్రి ఓడినది కుస్తీలో కాదు. ఇచ్చిన మాటలో ఓడినది. ఫలితము సత్యము కానక్కరలేని చోట మాట ఒక్కటియే సత్యము కావలసి యున్నది. అది తొలగిన పిదప మిగులునది ఒకని శరీరము, మరియొకని అధికారము.

అమెరికా మల్లుల పరిభాషలో నిర్ణయము ప్రకారము ఓడుటను ‘జాబ్’ అందురు, అనగా పని. మాట మోటైనను దానిలో వివేకము కలదు. గెలుచువాడు నిలబడిన చాలును. వాని గెలుపును జనులు నమ్మునట్లు చేయువాడు ఓడువాడే. భూలోకపు బరిలో ఆ పనివానికి కూలి ఉన్నది, నొప్పియు ఉన్నది. తెర లోకమున కూలి లేదు, ఉన్నను పేరునకే. నొప్పి లేదు. మరి ఆ ఓటమి యేల నొప్పించును? అక్కడి జనులు వానిని ఎరుగుట ఆ అవతారము ద్వారానే. అది నేలకరచినప్పుడు వానికి మరియొక ముఖము లేదు. ఇంతకన్న స్థూలమైన కారణమును కలదు. ఆ లోకపు గడియారము కాలిఫోర్నియా కాలమును అనుసరించును. అక్కడ సాయంకాలము 6 గంటలకు ప్రదర్శన పెట్టినచో లండనులోని మల్లునకు అర్ధరాత్రి దాటి 2 గంటలు. వాడు నిద్ర మానుకొని, మరునాడు ఎర్రకన్నులతో ఉద్యోగమునకు పోవుటకు సిద్ధపడి వచ్చుచున్నాడు. వచ్చి, ఓడిపోవుచున్నాడు. అవతారము కల్పితము, నిద్ర కల్పితము కాదు.

నిర్వాహకుని స్థితియు సుఖమైనది కాదు. 2000 దశకపు చివరి యేండ్లలో ఒక పూర్తి ప్రాంతమునకు నెలకు 295 డాలర్ల శిస్తు ఉండెను. అది కట్టువాడు, బరి కట్టించువాడు, కథ వ్రాయువాడు, తీర్పు చెప్పువాడు తరచుగా ఒక్కడే. అట్టివానికి తన అవతారము నడుముననే బెల్టు కట్టవలెనని బుద్ధి పుట్టుట సహజము. భూలోకములోను ఇది జరిగినదే. 1960లో ఏర్పడిన అమెరికన్ రెజ్లింగ్ అసోసియేషన్‌ను నడిపిన వెర్న్ గానీ పలుమారులు దాని ఛాంపియనుగా ఉండెను. 1981లో విరమించినప్పుడును బెల్టు ఆయనదే. ఆయన విద్యార్థిదశనుండి నిజముగా గొప్ప మల్లుడు, అందుచే జనులు సహించిరి. తెర లోకపు నిర్వాహకునకు ఆ సమర్థన లేదు. వాని అవతారమునకును నిన్న వచ్చినవాని అవతారమునకును బలములో వెంట్రుకవాసి భేదము లేదు.

ఈ ప్రలోభమునకు వెరచి కొందరు తీర్పును యంత్రమునకు అప్పగింపజూతురు. ప్రోగ్రాము పాచిక వేసినట్లు ఒక అంకె వేయును. ఎక్కువ వచ్చినవాడు గెలుచును. నిర్వాహకుడు చేతులు కడుగుకొనును. పాచిక నిష్పక్షపాతి యనుట నిజమే. కాని ఆరు నెలలుగా ఓడుచున్నవాడెవడో పాచికకు తెలియదు. నేడు ఓడినచో రేపు రానివాడెవడో, గెలుపు తలకెక్కినవాడెవడో తెలియదు. తెలియమిని న్యాయమనుట సోమరితనము. పైగా పాచికకును వేయువాడొకడు ఉండునను సంగతి కురుసభ కథ విన్నవారికి చెప్పనక్కరలేదు; ఆ ప్రోగ్రాము వ్రాసినవాడు ఎవడు? కావున తీర్పు మనుష్యుని చేతిలోనే ఉండుట మేలు. అది వాని చేతిని కాల్చుచుండవలెను.

చెరువు క్రింద చేలకు నీరు వదలు నీరుగంటి పని ఇటువంటిదే. ఎంత న్యాయముగా పంచినను అందరి మడియు ఒక్కసారి తడియదు. చివరి మడివాడు ఓర్చుకొనును, తన వంతు వచ్చునని నమ్మకమున్నచో. నీరుగంటి తన మడికి ముందు నీరు మళ్లించుకొన్ననాడు ఆ నమ్మకము పోవును. సమాఖ్య నిర్వాహకుడు పంచునది నీరు కాదు, కరవు. ఎవడు ఎంత ఎండవలెనో నిర్ణయించుట. తన అవతారము జనుల యెదుట, క్రొత్తవాని చేతిలో, సాకులు లేకుండ ఓడియుండని నిర్వాహకునకు ఇతరులకు ఓటమి నిచ్చు యోగ్యత సందేహాస్పదము.

ఇక ఆ చిన్న పెట్టె సంగతి. అది యడుగునది కదలికను గూర్చియే. పడుటకు ఒప్పుకొనుట వేరు, ఓడుటకు ఒప్పుకొనుట వేరు. అనుమతి నొక్కినంతనే మల్లుడు అన్నిటికిని ఒప్పుకొన్నట్లు భావించు నిర్వాహకుడు మాంట్రియల్ గంటను ప్రతివారము మ్రోగింపగలడు. వానిని ఆపువాడు లేడు. యంత్రము అడుగని రెండవ ప్రశ్నను వాడే, ప్రదర్శనకు ముందే, కారణముతో సహా అడుగవలెను. అడిగినచో ఎవడు ఒప్పుకొనునని కొందరు వాదింతురు. ఒప్పుకొనువారు కలరు. ఒకని గెలుపును తాను నిర్మించితినను గర్వము కొందరికి బెల్టుకన్న తియ్యన. ఒప్పుకొననివాడు ఉన్నచో కథను మార్చవలసినదే. కథ నిర్వాహకునిది, మల్లుడు కాడు.

ప్రదర్శన ముగిసిన పిదప ఆ లోకములో ఒక దృశ్యము కనబడును. మల్లుని నడుపు మనుష్యుడు కొంతసేపు మీట లేవియు ముట్టకున్నచో, వాడు చెంత లేడని తెలుపుటకు అవతారము తల దానంతట వ్రాలిపోవును. దీపములు వెలుగుచుండగా, ఖాళీ ఆసనముల నడుమ, ఓడిన మల్లుడు తల వంచి బరిలో నిలిచియుండును. వాని మనుష్యుడు లండనులో దీపమార్పి పడుకొన్నాడో, కుర్చీలోనే కూర్చుండి తెరవంక చూచుచున్నాడో తెలియదు. మరునాటి జాబితా వ్రాయుటకు కూర్చున్న నిర్వాహకుడు వాని పేరువద్ద ఆగి, మేలుకొనియున్నావా యని ఒక వాక్యము పంపి, జవాబునకై వేచియుండును.