గాజు సముద్రానికి కర్త ఎవరు?

ఇంట్లో వెయ్యి లీటర్ల గాజుతొట్టెలో పగడపు దిబ్బను నిలబెట్టదలచిన మనిషి, లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలను, 25 డిగ్రీల వేడిని, తగిన వెలుగును సమకూర్చగలడు గాని, జీవుల విసర్జన వల్ల పుట్టే అమ్మోనియా అనే విషాన్ని నైట్రైటుగానూ, దానిని అంతగా హాని చేయని నైట్రేటుగానూ మార్చే బాక్టీరియా రాళ్లలో స్థిరపడేవరకు వారాల తరబడి వేచి ఉండక తప్పదు. ఏ కర్మకైనా ఐదు కారణాలుంటాయని చెప్పి, తానొక్కడే కర్తనని తలచేవాడిని అవివేకిగా ఎంచిన భగవద్గీత 18వ అధ్యాయానికి ఇంతకన్నా తేటైన దృష్టాంతం అరుదు. అయితే కర్తృత్వాన్ని వదులుకున్నంత మాత్రాన బాధ్యత తీరదు. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు ప్రాణవాయువు చాలక చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, దైవం మీద నెపం వేయడం వట్టి తప్పించుకోవడమే. పగడం చూపుకు మొక్కలా ఉన్నా నిజానికి జంతువు; అవసరానికి మించి కూడబెట్టరాదనే అపరిగ్రహ నియమం దానిని తెచ్చుకోవడానికీ వర్తిస్తుంది. దిబ్బలు కట్టే పగడాలు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి పెకలించి తేవడం నేరం.