ఎరయును ధర్మమును

పర్ణశాలకు వచ్చిన యాత్రికు డెవ్వడును బంగారులేడి కథ వినక మరలిపోడు. సీతవాగు రాళ్లపై పసుపుకుంకుమల చాయలను, నారచీరల చారలను చూపి, మాయమృగము ఇచ్చటనే తిరిగెననియు, రాముడు ఇచ్చటనుండియే దానిని వెంబడించెననియు చెప్పుదురు. పంచవటి తమదే యని నాసికవా రందురు. ఆ వివాదముతో నాకిప్పుడు పని లేదు. గోదావరి యొడ్డున బడిపంతులనైన నాకు ఆ కథ యేటేట పాఠముగా వచ్చును. ఏటేట దానిని చెప్పి, కడపట “ఎర చూపి ప్రాణము తీయువాడు మారీచుని వంశమువాడు” అని యొక వాక్యము చేర్చుట నాకలవాటు. వినుటకు బాగుండును గనుక పిల్లలు వ్రాసికొందురు. ఆ వాక్యములో సత్యమెంత యని నేనెన్నడును విచారింపలేదు.

నిరుడు ఆశ్వయుజమాసమున ఒకనాడు పాఠము ముగియగానే వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, “అయితే మా నాయన మారీచుడేనా సార్?” అని యడిగెను. వాని తండ్రి జాలరి. వరద తీసిన పిమ్మట రాత్రులందు గాలము వేయును. తెడ్డు పట్టుటకు కుమారుని వెంట గొనిపోవును. అందువలననే వాడు ఉదయమున తరగతిలో కునికిపాట్లు పడుచుండెడివాడు. అందులకు నేను వానిని పలుమారు నిలువబెట్టితిని కూడ. తరగతి యంతయు నవ్వెను, వాడు నవ్వలేదు. “రేపు చెప్పెదను” అని తప్పించుకొంటిని. ఆ రేపు చాలదినములు రాలేదు.

నేను మాంసము ముట్టని యింట పుట్టినవాడను. అట్టివారికి ఈ విషయమున తీర్పు చెప్పుట మిక్కిలి సులభము. మేము చేప తినము. కాబట్టి చేప పట్టువాడు పాపి. ఇంతకన్న చౌకగా దొరకు పుణ్యము లోకమున మరియొకటి లేదు. కార్తికము వచ్చినదన్న చేపలు తినువారిలోను పలువురు ఆ నెల మానుదురు. స్త్రీలు నదిలో దీపములు విడుతురు. చేప ధర పడిపోవును. మన దీపముల వెలుగు జాలరి పొయ్యిమీద నీడగా పడునని నాకు ఈ వయస్సువరకు తోచకపోవుట సిగ్గుచేటు.

కార్తికశుద్ధమున ఒక రాత్రి ఆ జాలరిని అడిగి అతని పడవ యెక్కితిని. 1986లో భద్రాచలమువద్ద 75.6 అడుగులవరకు, 2022 జూలైలో 71.3 అడుగులవరకు పెరిగి ఊళ్లను ముంచిన నది యిదియేనా యనిపించునట్లు గోదావరి తేటపడి, ఇసుకతిప్పలను బయటపెట్టుకొని పారుచుండెను. మేము వెదకబోవునది వాలుగ. ఆ చేపకు పొలుసు లేదు; నోరు కన్నుదాటి వెనుకకు చీలియుండును; పైపెదవినుండి రెండు పొడవైన మీసములు వ్రేలాడును. పగలు లోతుమడుగులలో నణగియుండి, రాత్రి చిన్నచేపలను వేటాడును. ఒక గజమునకు మించి పెరుగును. దానిని పట్టుటకు పడవను మెల్లగా నడపుచు, నలువది యేబది మూరల త్రాడు వెనుక విడిచి, చివరనున్న గాలమునకు బ్రదికిన కప్పను గ్రుచ్చి, నీటిలో ఈడ్చుకొనిపోవుదురు. కప్ప కాళ్లాడించుచుండవలెను. అది చచ్చినచో వేట చెడినట్లే.

“ఆ టార్చి ఆర్పండి సారూ. మాట్లాడకండి. నీళ్లకు కూడా చెవులుంటాయి” అని అతడు త్రాడు నా చేతికిచ్చెను. బాలుడు ముందు కూర్చుండి చప్పుడు కాకుండ తెడ్డు వేయుచుండెను. తరగతిలో కునుకు వాడు ఇక్కడ రెప్ప వేయలేదు. చాలసేపటికి త్రాడు ఒక్కసారి బిగిసెను.

అప్పుడు నాకు జాలి కలిగెనని వ్రాసిన బాగుండును. కాని కలిగినది సంతోషము. అరచేయి కోసికొనిపోయినను త్రాడు విడువలేదు. వాలుగ పడవలోనికి వచ్చి మొప్పలాడించుచు పడియున్నప్పుడు గాని నేనెవ్వరి యింట పుట్టితినో నాకు జ్ఞప్తికి రాలేదు. బాలుడు వెనుదిరిగి చూచి, “మీరుకూడా పట్టినారు సార్” అనెను.

ఇక ప్రశ్నకు వత్తును. చంపుట యొకటి, మోసగించి చంపుట యొకటి. రెండవది మొదటిదానికన్న హీనమా? చెట్టుచాటునుండి కొట్టబడిన వాలి యడిగినది ఇదియే. కిష్కింధాకాండమున రాముడు చెప్పిన సమాధానములలో, మనుష్యులు మృగములను వలలతోను ఉచ్చులతోను, దాగియు ఎదుటపడియు పట్టుదురు గనుక అందు దోషము లేదనునది యొకటి. సంస్కృతము చదివిన నాటినుండి ఈ సమాధానము నా గొంతున ముల్లువలె నున్నది. వాలి మృగమే యైనచో అతనికి ధర్మశాస్త్రము చెప్పి దండించుట యేల? ధర్మమెరిగినవాడే యైనచో ఉచ్చు పన్నుట యేల? ఈ రెండును ఒక్కనోట చెప్పరాదు.

ఐనను, చేపకు సంబంధించినంతవరకు ఆ సమాధానములో సత్యము కలదని పడవలో నాకు తోచినది. అబద్ధమనగా మాటను నమ్మినవానియెడ చేయు ద్రోహము. నాకును వాలుగకును మాట లేదు, ఒడంబడిక లేదు. అది నన్ను నమ్మి కప్పను మింగలేదు. తన యాకలిని నమ్మి మింగెను. పొదలో పులి దాగుటయు, నీటిలో కొంగ ఒంటికాలిపై నిలుచుటయు ఎట్టివో యిదియు నట్టిదే. అనుశాసనపర్వమున చ్యవనుడు చేపలతోబాటు నిషాదుల వలలో చిక్కి, తనతో కలిసి యుండిన ఆ చేపలను విడిచి తానొక్కడే బయటపడనొల్లడు. ఆ కథ కడపట చేపలతోబాటు నిషాదులకును స్వర్గము కలిగెను. వల వేసినవారిని వ్యాసుడు మారీచులనలేదు. నేనన్నాను.

కాని నమ్మకము పుట్టించి పట్టుట వేరు. తవుడును తెలగపిండియు కలిపిన ముద్దలను కొన్నాళ్లు వరుసగా ఒక్కచోటనే వేసి, చేపలను ఆ మేతకు మరగించి, పిదప ముద్దలోనే గాలము పెట్టుట కలదు. ఇది విందునకు పిలిచి చంపుట. పాడేరు కొండలలోని మత్స్యగుండమున జనులు చేపలకు మేత వేయుదురు గాని పట్టరు. వేసినచేయి పట్టరాదని వారికి ఏ గ్రంథము చెప్పెనో నేనెరుగను. ఈ భేదమును జాలరికి వివరించితిని. అతడు నవ్వి, “ఏ గాలానికి పడ్డా చేప కూరలోకే గదా సారూ” అనెను. చేపవైపునుండి చూచిన అతని మాటయే నిజము. చేయివైపునుండి చూచిన నాది నిజమని ఇప్పటికిని తలచుచున్నాను. ఆ చేయి ఎల్లకాలము నదియొద్దనే యుండదు గదా!

నా పూర్వశిష్యుడొకడు అమెరికాలో ఈరీ సరస్సు సమీపమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆకురాలుకాలపు రాత్రులందు వాడును పడవ వెనుక గాలములీడ్చుచు తిరుగునట. వాడు పట్టు చేప పేరు వాల్‌ఐ. పేరునుబట్టి మన వాలుగకు చుట్టమేమో యనిపించును, కాదు. దాని కంటివెనుక వెలుతురును మరల త్రిప్పికొట్టు పొర యొకటి యుండుటచే పిల్లికన్నువలె మెరయును, చీకటిలో చక్కగా చూచును. వాడు కప్పను గ్రుచ్చడు, బొమ్మచేపను కట్టును. 1936లో ఫిన్లండు దేశపు జాలరి లౌరి రాపలా అట్టిదానిని బెండుతో చెక్కి, చాకొలెట్టు చుట్టిన రేకును తొడిగెను. గుంపులో కుంటుచు ఈదు చేపనే పెద్దచేప యెన్నుకొనునని అతడు కనిపెట్టి, తన బొమ్మకు ఆ కుంటునడకను నేర్పెను. ఆ బుద్ధిసూక్ష్మతకు నేను తల వంచుదును; తల వంచుచునే కొంచెము వణకుదును.

నా శిష్యుడు పట్టిన చేపలలో పెక్కింటిని గాలము విప్పి మరల నీట విడుచునట. “నేను హింస చేయుటలేదు గదా” అని వ్రాసినాడు. చేపకు నొప్పి తెలియదని వేటగాండ్రు చిరకాలము చెప్పుకొనిరి. 2003లో స్కాట్లండున లిన్ స్నెడన్ అను విదుషి, ఆమె తోడివారును, ట్రౌటుచేప తలపై నొప్పిని గ్రహించు నాడులు కలవనియు, పెదవిలో విషద్రవ్యము ఎక్కించిన నది మేత మాని, పెదవిని అడుగుననున్న రాళ్లకు రాచుకొనుననియు చూపిరి. శిష్యుని మాట జాలరికి చెప్పితిని. “తినేది లేనప్పుడు దాని నోరెందుకు చింపాలె?” అనెను. దీనికి నాయొద్ద జవాబు లేదు. తినుటకై చంపువానికన్న ఆటకై గాయపరచి కనికరించువాడే నాకు దూరముగా నున్నాడు. ఐనను న్యాయము చెప్పవలెను. ఆ సరస్సున ఒక్కొక్కరు దినమునకెన్ని పట్టవచ్చునో, ఏ పరిమాణముకన్న చిన్నది పట్టరాదో నియమములు కలవు. నా శిష్యుడు వానిని మీరడు. ఇక్కడనో, వాలుగ అపాయమునకు లోనైన జాతులలో చేరినది, మనమాపుకొన్నదేమి?

ఈ మాటలలో నుండగనే పై మలుపునుండి యొక బరువైన చప్పుడు నీటిమీదుగా వచ్చి పడవ అడుగును తట్టెను. జాలరి నోరు మూసికొనెను. “తోటా పేల్చినారు సార్” అని బాలుడు చెప్పెను. ప్రేలుడుమందును, విషమును నీటిలో వాడి చేపలు పట్టరాదని 1897 నాటి భారత మత్స్యశాసనమే నిషేధించెను. తోటాతో చంపువాడు ఎవ్వరిని మోసగింపడు. అతనికి ఎర లేదు, మాయ లేదు, ఓపిక లేదు. గ్రుడ్డునుండి నిన్న వెడలిన పిల్లయు, గజమెత్తు తల్లియు ఒక్కసారిగా తేలుదురు. అప్పుడు నాకు నా వాక్యముమీద పూర్తిగా నమ్మకము పోయినది. మోసమే కొలబద్ద యైనచో ఆ రాత్రి గోదావరిమీద అందరికన్న నిష్కపటుడు ఆ తోటావాడే కావలెను.

తెల్లవారుచుండగా ఒడ్డు చేరితిమి. బాలుడు మిగిలిన గాలమునుండి కప్పను విప్పుచుండెను. గ్రుచ్చి అంతసేపైనను అది యింకను ఒక కాలు ఆడించుచుండెను. రాత్రియంతయు నేను చేపకొరకు వాలినుండి చ్యవనునివరకు తలచితిని గాని ఆ కప్పను ఒక్కసారియు తలచలేదు. వాడు దానిని ఇసుకలో విడిచి, చేతులు కడుగుకొనుచు, “సార్, మారీచుడు ఎర గదా? ఎర వేసినవాడు రావణుడు గదా?” అనెను.

ఇరువది యేండ్లుగా చెప్పిన పాఠము! మారీచుడు వలదని రావణునికి ఎంతయో బోధించెను. వినకున్న చంపెదనని రావణుడు బెదరింపగా, రెండువైపుల చావే యని తెలిసి లేడియయ్యెను. వానిని నేను వేటగాడని తిట్టించితిని. త్రాడు పట్టినవానిని మరచితిని.

ఒడ్డున మోటారుబండితో ఒకడు కాచుకొనియుండెను. జాలరి వలకును పడవకును పెట్టుబడి యిచ్చినవాడతడు. పట్టినదంతయు అతనికే ఇయ్యవలెను. వాలుగను తూచెను. ధర యెంత యని జాలరి యడుగలేదు, అతడు చెప్పలేదు. చీటీలో ఏదియో వ్రాసికొని, కార్తికమని గొణుగుకొనుచు పోయెను. త్రాడు కోసిన నా అరచేతివంక చూచి జాలరి, “పసుపు పెట్టుకోండి సారూ” అనెను.

ఆ దినము బాలుడు బడికి గంటసేపు ఆలస్యముగా వచ్చెను. నేను వానిని నిలువబెట్టలేదు. నా పాత వాక్యమును నల్లబల్లపై వ్రాసి, అందరి పుస్తకములలోను దానిని కొట్టివేయుడని చెప్పితిని. దానికి బదులేమి వ్రాయవలెనని యొక బాలిక యడిగెను. ప్రస్తుతమునకు ఖాళీగా నుంచుడంటిని.