అందరి సొమ్ము ఎవరికి ముందు?

హైదరాబాదు శివారున కొల్లూరులో ప్రభుత్వము పేదలకొరకు 15,660 ఇండ్లను, వాటితోపాటు అంగళ్లను కట్టించి 2023 జూన్ నెలలో ప్రారంభించెను. ప్రజల సొమ్ముతో ఇండ్లు కట్టుట సరే, అంగళ్లేల అని కొందరడుగుదురు. ఇల్లుండియు చేరువలో ఉప్పుపప్పు దొరకనియెడల పేదవాడు అందులో ఎట్లు నిలుచును? అంగళ్ల అద్దెను ఆ కాలనీ మరమ్మతులకు వాడుకొనవచ్చును గదా! కాబట్టి అది వృథా కాదు.

అయితే ఈ ప్రశ్న పట్టణమునకు మాత్రమే చెందినది కాదు. బాసర మొదలైన మన గోదావరి ఒడ్డు ఊళ్లలోను, 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము క్రింద స్వంత స్థలమున్న పేదకుటుంబమునకు 5 లక్షల రూపాయలు నిర్ణయింపబడెను. 2025 జనవరిలో గ్రామసభలయందు పేర్లు చదివిరి. అందరి సొమ్ము గనుక నాకును వాటా కలదని మిద్దెయిల్లు గలవాడు దరఖాస్తు పెట్టుట న్యాయమా? అందరి సొమ్మగుటచేతనే అది అక్కర మిక్కిలిగలవానికి ముందు చెందవలెను.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ కలదు. మన ఇంటి విషయములో పొరుగువాని ప్రాణమునకు మనము ఉత్తరవాదులమని దాని భావము. మన గోడలు గట్టిగానున్నయెడల, గుడిసెవాని పేరు ముందు చదువబడునట్లు మనము వెనుకకు తగ్గుదము.