గుస్సాడీ మగవాళ్ళదేనా?

దసరా సెలవులు అయిపోయాక మా ఆశ్రమ పాఠశాలకు పిల్లలు సగం మందే తిరిగి వస్తారు. మిగతా సగం దీపావళి దాటాక వస్తారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో గోండు గూడేల మధ్య పనిచేసే టీచర్లందరికీ ఇది తెలిసిందే. ఊళ్ళో దండారీ నడుస్తుంటే మగపిల్లవాణ్ణి బడిలో కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు. ఒక ఏడు అట్లా సగం ఖాళీగా ఉన్న తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది.

"సార్, మా తమ్ముడు గుమేలా పట్టుకొని ఊళ్ళు తిరుగుతున్నాడు. నేను ఇక్కడ లెక్కలు చేస్తున్నాను. ఆడపిల్లలు గుస్సాడీ ఎందుకు కట్టకూడదు?"

"పెద్దల కట్టుబాటు బిడ్డా" అన్నాను. ఆమె కూర్చుంది. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. గోండునై ఉండి, టీచర్‌నై ఉండి, ఒక్క మాటతో తప్పించుకున్నానని చాలా రోజులు మనసులో గుచ్చుకుంది. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కోయ, లంబాడా, సవర చదువరుల కోసం ముందు కొంచెం వివరం. దండారీ అంటే ఒక ఊరి మగవాళ్ళు కట్టుకునే జట్టు. దసరా తర్వాత వచ్చే పౌర్ణమి రోజుల్లో వాద్యాలను బయటికి తీసి, ఏత్మసార్ పేన్‌కు పూజ చేసి మొదలుపెడతారు. దీపావళి తర్వాత కొలబొడితో ముగిస్తారు. ఈ మధ్యలో జట్టు పొరుగు ఊళ్ళకు అతిథిగా పోతుంది. డప్పు, గుమేలా, పేప్రే వాయించేవాళ్ళు, ఆడవేషం కట్టే కుర్రాళ్ళు, అందరికంటే ముందు గుస్సాడీలు. గుస్సాడీ ఒంటికి బూడిద, భుజాన తోలు, నడుముకు మువ్వలు, నెత్తిన వందల నెమలీకలతో కట్టిన టోపీ. చూసేవాళ్ళకు కనిపించేది ఇదంతా. కనిపించనిది దీక్ష. గుస్సాడీ కట్టినవాడు దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు, కాళ్ళకు చెప్పులు వేసుకోడు. చేలగట్ల మీద, రాళ్ళ దారుల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వట్టి కాళ్ళతో నడుస్తాడు. అతిథిగా వెళ్ళిన ఊరు ఏం పెడితే అది తింటాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. దీపావళి అంటే మాకు సోయా కోత అయిపోయి పత్తి ఏరడం మొదలయ్యే కాలం. విచ్చిన పత్తి చెట్టు మీద ఎవరి కోసమూ ఆగదు. వాన పడితే నల్లబడుతుంది, ధర పడిపోతుంది. అలాంటి సమయంలో ఒక మగవాడు చేను వదిలి రోజుల తరబడి ఊళ్ళు తిరిగితే ఆ ఇంటికి నష్టమే. అయినా పోతాడు. మొక్కు ఉంటుంది, పేన్ మీద భయం ఉంటుంది. దాంతోపాటు ఇంకొకటి ఉంటుంది. పోయినసారి ఆ ఊరి జట్టు మన ఊరికి వచ్చి మన అన్నం తిన్నది, ఈసారి మనం పోకపోతే ఆ సంబంధం తెగుతుంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగాలుగా ఉన్న మా సమాజంలో ఒకే సగం వాళ్ళు పెళ్ళి చేసుకోరు. పిల్లను ఇచ్చి పుచ్చుకోగల ఊళ్ళు ఒకదాన్నొకటి చూసుకునేది ఈ రోజుల్లోనే. మా పెద్దల్లో చాలామంది పెళ్ళి మాటలు దండారీ పందిట్లోనే పుట్టాయి.

మగవాళ్ళ సంఘాలు మనకే కాదు, లోకమంతటా ఉన్నాయి. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి అని గోల్కొండ కాలపు పాత కట్టడం ఉంది. అక్కడ ఫ్రీమేసన్లు సమావేశమవుతారు. వాళ్ళ పెద్ద సంఘం 1717లో లండన్‌లో మొదలైంది. అందులో చేరాలంటే దేవుణ్ణి నమ్మాలి, మగవాడై ఉండాలి, లోపలివాళ్ళు ఒప్పుకోవాలి. పాత పద్ధతిలో పెట్టెలో తెల్లగోలీలు, నల్లగోలీలు వేసి తేల్చేవారు. నల్లగోలీ పడితే రానివ్వరు. చేరినవాళ్ళు ఒకరికొకరు సోదరులు. సాయం చేసుకుంటారు, దానధర్మాలు చేస్తారు, తమ గుర్తులు బయటికి చెప్పమని ప్రమాణం చేస్తారు. తలుపులు మూసి ఏం చేస్తారో తెలియక ఉత్తరాదిన జనం వాళ్ళ భవనాలను జాదూ ఘర్ అన్నారు. వాళ్ళను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. మతం వేరైనా ఒకే బల్ల దగ్గర కూర్చోవాలన్న వాళ్ళ నియమం ఆ కాలానికి చిన్నది కాదు. కానీ పోల్చి చూస్తే ఒక తేడా తెలుస్తుంది. అక్కడ ఎవరిని లోపలికి తీసుకోవాలన్నది లోపలివాళ్ళు తేలుస్తారు. దండారీలో గోలీలు లేవు, మూసిన తలుపు లేదు. ఊరి మగవాడైతే చాలు. పదెకరాలవాడు, ఎకరం లేనివాడు ఒకే బూడిద పూసుకుంటారు. పూసుకున్నాక ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టం. జట్టు చేసేదంతా అందరి కళ్ళ ముందు చేస్తుంది.

అయితే 'ఊరి మగవాడైతే చాలు' అన్న మాటలో సగం ఊరు బయటే ఉండిపోయింది. ఆ అమ్మాయి అడిగింది దాని గురించే.

నేను నా మనసులో ఇట్లా ప్రశ్న వేసుకున్నాను. ఒక సంఘం కొందరినే తీసుకుంటే అది అన్యాయమా? అన్నిసార్లూ కాదనుకుంటాను. దీక్ష అంటేనే కొందరు తమ మీద వేసుకునే బరువు. ఒకరు ఉపవాసం ఉంటే మిగతావాళ్ళకు అన్యాయం జరిగినట్టు కాదు. గుస్సాడీ తన ఒంటి మీద, తన కాళ్ళ మీద కష్టం పెట్టుకుంటున్నాడు. అక్కడితో ఆగితే ఎవరికీ పేచీ లేదు. కానీ అక్కడితో ఆగుతున్నదా?

అతను చేను వదిలి వెళ్ళిన రోజుల్లో పత్తి ఏరుతున్నది ఎవరు? ఆ ఇంటి ఆడవాళ్ళు. పొరుగూరి జట్టు నలభై మందితో దిగితే నీళ్ళు మోసి, కాళ్ళు కడిగి, గట్క వండి పెట్టేది ఎవరు? వాళ్ళే. రాత్రి గుస్సాడీ ఆట అయ్యాక రేలా పాడి ఆడేదీ వాళ్ళే. దీక్ష పేరు మగవాడిది, దీక్ష బరువు ఇంటిది. దండారీ జట్లు గోదావరి ఒడ్డున గుడిరేవు దగ్గర ఎవరికి మొక్కుతాయి? పద్మల్‌పురి కాకోకు. కాకో అంటే అవ్వ. నెమలీకలు కట్టిన మగవాళ్ళంతా వెళ్ళి ఒక అవ్వ ముందు వంగుతారు. ఆడవాళ్ళు దండారీకి బయటివాళ్ళని చెప్పేవాళ్ళు ఈ సంగతి మరచిపోతారు.

గుస్సాడీ కట్టడం ఒక్కటే ఆడవాళ్ళకు లేకపోతే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఆ గీత దీపావళితో చెరిగిపోవడం లేదు, అదే నా బాధ. కొలబొడి అయిపోతుంది, నెమలి టోపీ లోపల పెడతారు, 'ఇది మగవాళ్ళ పని' అన్న మాట మాత్రం ఏడాదంతా బయటే ఉంటుంది. రాయి సెంటర్ కూర్చున్నప్పుడు పటేల్, దేవారి, సార్మేడి అందరూ మగవాళ్ళే. నేను వెళ్ళిన చోట్లలో ఆడవాళ్ళు గోడ దగ్గర నిలబడి వినడం చూశాను. ఆడపిల్ల పెళ్ళి తగవే నడుస్తున్నా ఆ పిల్ల తల్లిని అడగకుండా తేల్చడం చూశాను. 1996 పెసా చట్టం గ్రామసభ అంటే ఓటరు జాబితాలో ఉన్న వాళ్ళందరూ అని చెప్పింది. అందులో మగ, ఆడ తేడా లేదు. మన భూమి, మన అడవి గురించి మాట్లాడే సభకు దండారీ నియమం ఎట్లా వర్తిస్తుంది? అక్కడ దీక్ష లేదు, వట్టి కాళ్ళ నడక లేదు. ఉన్నది అధికారం. బరువు మోయడానికి గీసుకున్న గీతను అధికారం పంచుకోవడానికి వాడుకుంటే అది మోసమే అంటాను. ఈ మాటకు మా ఊళ్ళో కొందరికి నా మీద కోపం వస్తుంది, రానీయండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే యువకులు దీన్నే ఎక్కువ అడుగుతారు. ఇప్పుడు నాయకుల స్వాగతానికి, ప్రారంభోత్సవాలకు ఎండాకాలంలో కూడా గుస్సాడీ వేషం కడుతున్నారు. పొద్దున స్నానం చేసి, చెప్పులు తొడుక్కొని, వాహనం దిగి ఆడతారు. కూలి దొరుకుతుంది, దాన్ని తక్కువ చేయను. మార్లవాయికి చెందిన కనకరాజు గారు ఈ ఆటను ఢిల్లీ దాకా తీసుకుపోయారు. పిల్లలకు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో మన నుంచి వెళ్ళిపోయారు. ఆయన వల్లే చాలామందికి గుస్సాడీ అన్న మాట తెలిసింది. కాబట్టి వేదిక మీద ఆడితే తప్పు అనను. కానీ దీక్ష లేని ఆటలో ఆడపిల్లకు చోటు లేదనడానికి ఏ కారణం మిగిలింది? ఏమీ వదులుకోకుండా నెమలీకలు పెట్టుకునే చోట 'మగవాళ్ళదే' అనడం నాకు అర్థం కాదు. దీక్ష ఉన్న దండారీ సంగతి వేరు. దాన్ని మార్చాలా వద్దా అన్నది ఊళ్ళో మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి కూర్చుని తేల్చుకోవాలి. నాలాంటి టీచరు బయట నుంచి ఆజ్ఞ వేయకూడదు.

ఆ దీపావళికి ఊరికి పోయినప్పుడు మా మేనత్తను అడిగాను. ఆమెకు డెబ్బై దాటాయి. మా పెద్దింట్లో అతిథులకు యాభై ఏళ్ళుగా వండి పెడుతున్న మనిషి.

"అత్తా, నీకు ఎప్పుడైనా గుస్సాడీ కట్టాలనిపించిందా?"

ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసి నవ్వింది. "అన్ని రోజులు నీళ్ళు పోసుకోకుండా నేను ఉండలేనురా అల్లుడా. ఆ టోపీ ఎవరికి కావాలి?" అంది. తర్వాత కొంచెంసేపు మాట్లాడలేదు. "పోడు పట్టాల కోసం సారు వచ్చినప్పుడు నన్ను పిలవకుండా మీ మామ ఒక్కడే పోయి పేరు రాయించుకొని వచ్చాడు. ఇద్దరి పేర్లూ రాయాలని చట్టంలో ఉందట గదా. అది నిజమేనా?"

నిజమే అత్తా, అన్నాను. 2006 చట్టంలోనే ఉంది, భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇవ్వాలని.

"మరి నువ్వు చదువుకున్నవాడివి, అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. బయట పొరుగూరి జట్టు గుమేలాలు వినిపించాయి. ఆమె లేచి కాళ్ళు కడిగే నీళ్ళ కోసం బిందె తీసుకొని పోయింది.