దుమ్ముగూడెంలో ఉండిపోయిన మనిషి

భద్రాచలం నుంచి గోదావరి ఒడ్డునే పర్ణశాల వైపు వెళ్తే దుమ్ముగూడెం వస్తుంది. అక్కడ నదికి అడ్డంగా కట్టిన పాత ఆనకట్ట ఉంది. 1860ల నాటికి ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్. గోదావరి మీద పడవల దారి వేయాలన్నది అప్పటి ప్రభుత్వ ఆలోచన. హేగ్ మనసు మాత్రం చుట్టూ అడవిలో బతికే కోయల మీద ఉండేది. వాళ్ల మధ్య సేవ చేసే మనిషిని పంపమని ప్రార్థించేవాడు.

ఆ మనిషి దూరం నుంచి రాలేదు. హేగ్ దగ్గర ప్రభుత్వ కొలువులో ఉన్న వెంకటరామరాజే ఆయన. క్రీస్తును నమ్మి, బాప్తిస్మం తీసుకుని, ఉద్యోగం వదిలేసి కోయగూడేలకు వెళ్లాడు. తర్వాత గురువుగా అభిషేకం పొందాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి కథ. పడవల దారి పని మధ్యలోనే ఆగిపోయింది. రాజు మాత్రం అక్కడే ఉన్నాడు. అప్పట్లో మన్యం అంటే చలిజ్వరం, వానాకాలంలో తెగిపోయే దారులు. అలాంటి చోట నిలవడానికి జీతం చాలదు, ఆవేశమూ చాలదు. దేవుడు తనను ఈ మనుషుల కోసమే పిలిచాడన్న నమ్మకం కావాలి.

జీవితానికి అర్థం ఏమిటని అడిగే యువతకు నేను రాజు పేరే చెబుతాను. ఆయనకు పిలుపు పని చేస్తున్న చోటే, రోజూ కళ్లెదుట కనిపించే మనుషుల నుంచే వచ్చింది.