పెట్టి పుట్టినవారి పద్దు

తెలుగువారు ఎన్నికల్లో గెలుస్తారు, కబడ్డీలో గెలుస్తారు, కోడిపందెంలోనూ గెలుస్తారు గాని, లాటరీ విషయానికి వచ్చేసరికి గెలిచాడని అనరు, తగిలిందంటారు. వడదెబ్బకూ దిష్టికీ వాడే క్రియనే అడగకుండా వచ్చిపడిన బహుమతికీ వాడటంలో ఒక ఒప్పుకోలు ఉంది: ఆ మనిషి చేసినదేమీ లేదు, అది వచ్చే దారిలో నిలబడి ఉన్నాడు, అంతే. అయితే బహుమతి తగిలిన సాయంత్రానికే అదే నోళ్ళు 'పెట్టి పుట్టాడు' అంటాయి. వెనుకటి జన్మలో నలుగురికీ పెట్టినవాడు గనుక ఈ జన్మలో పుచ్చుకుంటున్నాడని దాని భావం. ఈ రెండు మాటలూ ఒకే అరుగు మీద, ఒకే మనిషి గురించి, ఎవరికీ ఎబ్బెట్టు అనిపించకుండా చెల్లిపోతుండటమే ఇక్కడి చిక్కు. తగిలిందన్నది నిజమైతే అందులో అర్హత ప్రసక్తి లేదు. పెట్టి పుట్టాడన్నది నిజమైతే అది పాత బాకీ వసూలు, దాన్ని అదృష్టం అనడానికి వీల్లేదు.

విజయవాడ నుంచి నున్న మీదుగా నూజివీడు పోయే దారిలో ఉన్న ఆగిరిపల్లిలో ఒక మామిడి రైతు, కూతురి పెళ్ళిబట్టలు కొన్నచోట ఇచ్చిన కూపను మీద పేరూ ఫోను నంబరూ రాసి డబ్బాలో వేశాడని, కొన్నాళ్ళకు మొదటి బహుమతిగా ఆఫ్రికా సఫారీ, దాని వెంబడి జాంజిబార్ సముద్రతీరంలో ఖరీదైన బస అతడికి తగిలాయని అనుకుంటే, ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. సఫారీ అనేది అరబ్బీ 'సఫర్' నుంచి స్వాహిలీ భాషలోకి వెళ్ళిన మాట, దానికి ప్రయాణమనే అర్థం. హైదరాబాదు ఉర్దూలో ఆ సఫర్ నేటికీ వాడుకలో ఉంది. తుపాకులు పట్టుకుని వచ్చిన దొరల కాలంలో అది మృగాల కోసం చేసే ప్రయాణంగా కుదించుకుపోయి, చివరికి జీపులో కూర్చుని వాటిని చూసిరావడంగా మిగిలింది. కెన్యాలోని మసాయి మారాలో జూలై నుంచి అక్టోబరు దాకా విల్డెబీస్టులు, అంటే ఎద్దు తలా గుర్రం తోకా ఉన్నట్టు కనబడే గడ్డిమేత జంతువులు, మందలు మందలుగా నది దాటుతుంటాయి. అప్పటికి నూజివీడు తోటల్లో కోతలు ముగిసి ఉంటాయి గనుక రైతుకు తీరిక లేదన్న అడ్డంకి కూడా లేదు. సింహాన్ని చూడటానికి అంత దూరం పోవాలా అని ఊళ్ళో ఎవరైనా అడిగితే అడగవచ్చు, ఎందుకంటే ఆగిరిపల్లి కొండ దేవుడు శోభనాచల వ్యాఘ్ర లక్ష్మీనరసింహస్వామి, ఆ ఒక్క పేరులోనే పులీ సింహమూ రెండూ కొలువున్నాయి. ఆ మాటకొస్తే మామిడి ఎప్పుడో ఆ తీరానికి చేరింది. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా మొగదిషులో తనకు పెట్టిన భోజనంలో మామిడి కూడా ఉన్నదని రాశాడు. పంట ఏ డ్రా లేకుండానే వెళ్ళిన చోటికి రైతు డ్రా పుణ్యమా అని ఇప్పుడు వెళ్తున్నాడు.

ప్రభుత్వం పూర్వజన్మ సంగతి అడగదు. ఆదాయపు పన్ను చట్టం ఇలాంటి రాబడికి 'మూలంలో పన్ను కోత' విధించింది. అంటే పుచ్చుకున్నవాడు తరువాత కట్టుకోవడం కాదు, ఇచ్చేవాడే ముందుగా పట్టుకుని మిగతాది చేతిలో పెట్టాలి. రేటు 30 శాతం. బహుమతి నగదు కాక ప్రయాణంగానో కారుగానో ఉంటే, పన్ను చెల్లిందని తేలేదాకా దాన్ని విడుదల చేయకూడదని కూడా అందులో ఉంది. 6 లక్షలుగా విలువ కట్టిన విహారానికి 1,80,000 రూపాయలు ఎవరో ఒకరు ముందు కట్టాలి. సింహాన్ని చూడాలన్న కోరిక ఏనాడూ లేని మనిషి, అడగని వరానికి సుంకం కట్టడం కోసం తోట మీద అప్పు తెచ్చుకోవలసి వస్తే, వెనుకటి జన్మలో అతడు పెట్టింది ఎవరికో, ఎంతో, ఏ వడ్డీకో అన్న ప్రశ్న హాస్యంగా మారుతుంది.

హాస్యాన్ని పక్కన పెడితే, అదృష్టం అనే మాట పుట్టినప్పుడు దానికి యోగం, కలిసిరావడం అన్న అర్థాలు లేవు. వైశేషిక దర్శనంలో అదృష్టమంటే ధర్మాధర్మాల వల్ల ఆత్మలో నిలిచి, కంటికి కనబడకుండా ఫలమిచ్చే గుణం. అయస్కాంతం వైపు సూది జరగడానికి కూడా ఆ దర్శన సూత్రకారుడు కణాదుడు ఆ అదృష్టాన్నే కారణంగా చెప్పాడు. తెలిసిన కారణం అయిపోయిన చోట ఆ పేరు మొదలైందన్నమాట. సూది సంగతి భౌతికశాస్త్రం చూసుకున్నది గనుక అక్కడి నుంచి అదృష్టం ఖాళీ చేసి వెళ్ళిపోయింది, కూపన్ల డబ్బాలో మాత్రం ఇంకా కాపురముంటోంది. చూడబడనిది అని అర్థమిచ్చే ఈ మాటకూ, చూపు నుంచి పుట్టిన 'దిష్టి'కీ ఒకటే ధాతువు కావడం గమనించదగ్గది. కనబడనిది ఒక ఇంట్లో కనబడగానే ఊరి చూపంతా ఆ ఇంటి మీద పడుతుంది, గుమ్మానికి గుమ్మడికాయ ఎక్కుతుంది. నిజంగా పెట్టి పుట్టినవాడే అయితే అతడి న్యాయమైన వసూలు మీద చూపు పడితే భయమెందుకు? దిష్టి తీయించుకునే ఇల్లు, తనకు వచ్చింది తనది కాదేమోనని లోపల్లోపల అనుమానిస్తున్న ఇల్లు.

కష్టార్జితానికి ఈ అనుమానం ఉండదని సాధారణంగా చెప్పుకుంటారు. ఆ మాట ఉద్యోగస్థుల వీధిలో నిలబడుతుందేమో గాని మామిడితోటలో నిలబడదు. డిసెంబరు, జనవరిల్లో వచ్చే పూతలో ఒక్కో పూగెలకు వందల నుంచి వేల దాకా పూలుంటాయి. వాటిలో చాలా భాగం మగపూలు, మిగిలినవే పిందె కట్టగల ద్విలింగ పూలు, అంటే ఆడ మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉన్నవి. పిందెలయ్యాక రాలేవి పోగా నూటికి ఒక్క పువ్వయినా కోతదాకా రాదు. ఈ దశలోనే తోటలు బేరానికి వస్తాయి. పూత మీద తోట కొనడమంటే, కాయ ఇంకా కంటికి కనబడకముందే చెట్లన్నీ కలియదిరిగి, పూగెలను అరచేతిమీద తట్టి పురుగు రాలుతుందేమో చూసి, ఇంత కాపు వస్తుందని మనసులో కట్టుకున్న లెక్కకు బయానా ఇవ్వడం. ఆ తరువాత మబ్బు పట్టి తేనెమంచు పురుగు దిగవచ్చు, తామర పురుగు రావచ్చు, బూడిద తెగులు కమ్మవచ్చు, అన్నీ దాటి కాయ బలిశాక ఏప్రిల్ చివర ఒక్క సాయంత్రం ఈదురుగాలి వీస్తే బంగినపల్లి కాస్తా పచ్చడికాయ ధరకు రాలుకాయగా అమ్ముడుపోవచ్చు. పక్కపక్క తోటలకు ఒకే మందు, ఒకే నీరు అందినా ఒకదాన్ని గాలి విడిచిపెడుతుంది. నున్న మార్కెట్టులో మంచి ధర పలికిన రైతు తన కష్టమని ఎంత భాగాన్ని వేలు పెట్టి చూపగలడు? అతడికి మందు అమ్మిన వ్యాపారులలో అమ్మకాల లక్ష్యం దాటినవారిని కంపెనీలే విదేశీ విహారాలకు తీసుకుపోవడం తెలిసిన సంగతే. ఆ ప్రయాణం అర్హతతో వచ్చిందని లెక్క, అయినా ఆ లక్ష్యాన్ని దాటించింది ఆ ఏడు విపరీతంగా పడిన పురుగు కావచ్చు. కనుక బహుమతిని అనర్హమని తోసిపుచ్చే తర్కం కాపునూ వెంటబెట్టుకుపోతుంది, ఇక్కడితో వాదం ఆగిపోవాలి.

ఆగకపోవడానికి కారణం, ఈ వ్యాసకర్త ఏడేళ్ళ వయసులో పాల్గొన్న ఒక చీటీ. చీటీలు రెండు రకాలు, 1982 చిట్ ఫండ్స్ చట్టం కూడా ఆ రెండింటినీ గుర్తించింది: తక్కువకు తీసుకోవడానికి ఒప్పుకున్నవారికి మొత్తం ఇచ్చే పాట చీటీ ఒకటి, పేర్లు రాసిన కాగితాల్లో ఒకదాన్ని తీసి ఆ పేరువారికి ఇచ్చే లాటరీ చీటీ మరొకటి. అది రెండో రకం. ఇరవై మంది ఆడవాళ్ళు, నెలకు వంద రూపాయలు, ఇరవై నెలలు. ప్రతి నెలా ఒకటో ఆదివారం చీటీ నడిపే ఆవిడ వసారాలో చాప పరిచి, మధ్యలో ఇత్తడి చెంబు పెట్టి, చిన్నపిల్లల చేతికి కపటం తెలియదన్న నమ్మకంతో ఒక పిల్లవాడి చేత కాగితం తీయించేవారు. ఆ అయిదో నెలలో చెంబులో పదహారు కాగితాలున్నాయి. లెక్కల నోటుపుస్తకంలోంచి చించి, నాలుగు మడతలు పెట్టి, ఆ పేర్లన్నీ రాసింది పిల్లవాడి తల్లి. ఆ గుంపులో గుండ్రంగా రాయగలిగింది ఆమె ఒక్కతే. పిల్లవాడు ఒకసారి చెయ్యి పెట్టి, చెంబు మెడ ఇరుకై కాగితాలు వేళ్ళకు అంటుకుంటే విదిలించుకుని, మళ్ళీ పెట్టి ఒకటి తీశాడు. అది అతడి తల్లి పేరే.

ఎవరూ ఏమీ అనలేదు. పమిట సర్దుకున్న చప్పుళ్ళు, ఎవరిదో దగ్గు వినబడ్డాయి. కాసేపటికి అందరిలోకి పెద్దావిడ, ఎటో చూస్తూ, "పిల్లాడికి చదువొచ్చింది కదమ్మా ఈపాటికి" అన్నది. మడత విప్పకుండా చదవడం ఎవరికీ రాదని అక్కడున్న అందరికీ తెలుసు. తల్లి నవ్వి, "తిరిగి వేయించండి పిన్నిగారూ, దానికేముంది" అని కాగితాన్ని తనే మళ్ళీ నాలుగు మడతలు పెట్టి చెంబులో వేసింది. ఈసారి వేరే పిల్ల తీసింది. మామిడికాయల గంపలు అల్లే ఇంటావిడ పేరు వచ్చింది, వసారా అంతా ఒక్కసారిగా తేలికపడింది, ఆవిడ పెట్టి పుట్టిందని కూడా ఎవరో అన్నారు. కుట్టుమిషను కొనాలనుకున్న తల్లికి చీటీ పందొమ్మిదో నెలలో వచ్చింది. రావలసిన రెండు వేలూ రూపాయి తగ్గకుండా వచ్చాయి గాని ఈలోగా మిషను ధర పెరిగింది.

రెండుసార్లూ చెయ్యి గుడ్డిదే. మొదటి కాగితానికి ఎంత అవకాశం ఉన్నదో రెండోదానికీ అంతే, పదహారులో ఒకటి. అదృష్టం మీద నిజంగా నమ్మకముంటే మొదటి కాగితమే శాసనం కావాలి, దాన్ని మార్చడం దైవాన్ని ధిక్కరించడం కావాలి. నమ్మేవారెవరూ చీటీని తిరిగి వేయరు. వారికి కావలసింది అదృష్టపు తీర్పు కాదు, ఆ తీర్పు వెనుక తమకు తెలిసిన మనిషి ఎవరూ లేకపోవడం. ప్రాప్తం, రాత, పెట్టి పుట్టడం అనేవి తీర్పు చెప్పడానికి పనికిరాక, తీర్పు అయిపోయాక ఓడినవారి వీపు నిమరడానికి వాడే మాటలు. అలాగని వాటిని తీసిపారేయడమూ కుదరదు: పూత రాలి నష్టపోయిన కొనుబడిదారుడు "ప్రాప్తం లేదు" అనుకోబట్టే తోట యజమాని గుమ్మం ముందు గొడవకు దిగకుండా ఇంటికి పోతున్నాడు. ఆ మాట అబద్ధమే కావచ్చు, తెలుగునాట కోర్టులకు ఎంతో పని తగ్గించిన అబద్ధం.

ఇంకొంచెం లోతుకు పోతే కర్మసిద్ధాంతం మొత్తం లాటరీ చీటీ నమూనాలోనే కట్టినట్టు కనబడుతుంది. చీటీలో అందరూ కడతారు, అందరికీ వస్తుంది, డ్రా తేల్చేది వరసను మాత్రమే. అక్కడ ఓడినవారు లేరు, ఆలస్యమైనవారే ఉన్నారు. పెట్టి పుట్టాడనడంలో ఉన్నదీ అదే ఊరట: అతడు వాయిదాలు ముందే కట్టాడు, ఇప్పుడు కడుతున్నవారికి వచ్చే జన్మలో వంతు వస్తుంది. చీటీ నడిపే ఆవిడ దగ్గర పుస్తకం ఉంటుంది, కర్మ విషయంలో పుస్తకాన్ని ఎవరూ చూడలేదు, తేడా అంతే. బహుమతి డ్రా మాత్రం ఈ నమూనాకు లొంగదు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3,396 మద్యం దుకాణాలను డ్రా తీసి కేటాయించినప్పుడు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి, ఒక్కోదానికి కట్టిన 2 లక్షలు తిరిగిరానివి. లాటరీ టిక్కెట్ల అమ్మకం ఒప్పుకోని రాష్ట్రంలోనే ఇది జరిగింది. అక్కడ రానివారికి రెండో నెల లేదు. 2019లో అబుదాబీ డ్రాలో కోటిన్నర దిర్హాములు తగిలిన తెలంగాణ రైతు, దుబాయిలో పని దొరక్క ఊరికి తిరిగివచ్చి, భార్య దగ్గర తీసుకున్న డబ్బుతో టిక్కెట్లు కొన్నాడని పత్రికలన్నీ రాశాయి; అదే డ్రాలో భార్య డబ్బు పోగొట్టుకున్నవారి గురించి రాయడానికి వారి పేర్లు ఎవరికీ తెలియవు.

ఇక్కడికి వచ్చాక మొదటి సందేహం స్థానం మారుతోంది. ఆగిరిపల్లి రైతు అర్హుడా కాదా అన్నది అంతగా బాధించడం లేదు, అతడి మామిడిని ఆ ప్రశ్న అడగనప్పుడు అతడి విమానాన్ని అడగడం అన్యాయం. బాధిస్తున్నది, ఆ కాగితాన్ని తిరిగి వేయడానికి అతడికి చెంబు లేకపోవడం. డబ్బాలో కూపన్లు వేసినవారు ఒకరికొకరు తెలియదు, వారు ఏ వసారాలోనూ కూర్చోలేదు, వారి దగ్గు అతడికి వినబడదు; బహుమతిని మరొకరి పేర బదిలీ చేయరాదని షరతుల్లో సాధారణంగా ఉంటుంది. వద్దంటే అది ఎవరి వంతుకూ చేరకుండా కంపెనీ ఖాతాలో మిగిలిపోతుంది. వెళ్ళడం ఒక్కటే దారి కనుక అతడు వెళ్తాడు, వెళ్ళాలి కూడా, సూట్‌కేసు అడుగున ఆవకాయ సీసా సర్దుకుని మరీ.

చీటీ వసారాలో ఆ తల్లి చేసినది ఔదార్యమా, ఊరి నోటికి భయమా, కొడుకు చేతికి దొంగ చెయ్యి అన్న పేరు రాకుండా కాపాడుకోవడమా అన్నది ఆమెను ఎవరూ అడగలేదు. చీటీ పుస్తకం మాత్రం చాలాకాలం ఆ ఇంట్లో ఉన్నది. 'పాడుకున్నవారు' అన్న వరసలో అయిదో నెల ఎదురుగా మొదట ఆమె పేరే రాసి, దాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన గంపలావిడ పేరు రాశారు. గీత సన్నగా ఉండటం వల్ల కింది పేరు తేలిగ్గానే చదవవచ్చు.